రేకుకెదురుగా కేసరం

ఇంగ్లండులో కేంబ్రిడ్జికి పడమరన హేలీ వుడ్ అని ఒక పాత అడవి ఉంది. ఈలీ బిషప్పు ఆస్తుల పట్టీలో 1251లోనే దాని లెక్క రాసి పెట్టారు. ఏప్రిల్‌లో అక్కడి తడి బంకనేల మీద ఆక్స్‌లిప్ పూస్తుంది. ప్రిమ్‌రోజ్‌కి దగ్గర చుట్టం. ఆ దేశంలో ఇది ముఖ్యంగా కేంబ్రిడ్జ్, సఫోక్, ఎసెక్స్ ప్రాంతాలు కలిసేచోట ఉన్న పాత అడవుల్లోనే కనిపిస్తుంది.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మేనమామ గోదావరి జిల్లాలో డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. మేనకోడలు కేంబ్రిడ్జిలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో అడవి మొక్కల లెక్కలు రాసే వలంటీరుగా తిరుగుతుంది. ఫోను చూపిస్తే పువ్వు పేరు వచ్చేస్తున్న రోజుల్లో, ‘దీన్ని గుర్తుపట్టాను’ అనడానికి ఎంత చూసి ఉండాలి? ఇద్దరికీ పడనిది అక్కడే. మధ్యలో నా మాట ఒకటి రెండు చోట్ల కలిపాను.

మేనకోడలు: మావయ్యా, ఆ బ్లేడు బయటికి తియ్యకండి. ఇది రక్షిత వనం.

మేనమామ: ఒక్క పువ్వమ్మా. చుట్టూ ఇన్ని ఉన్నాయి.

మేనకోడలు: ఒక్కటే కదా అనుకుని వచ్చేవాళ్ళూ ఇలాగే చాలామంది ఉంటారు. ఇక్కడ వీటికి అసలు గండం జింకలు. కాడ పైకి లేవగానే పూలగుత్తి కొరికేస్తాయి. కంచెలు కట్టి కాపాడుకుంటున్నారు. ఆలివర్ రాకమ్ ఈ ఒక్క అడవి చరిత్ర మీద 1975లో పుస్తకమే రాశారు. అంత శ్రద్ధగా చూసుకునే చోట మనం బ్లేడు తియ్యడం బాగుండదు.

మేనమామ: నా బాధ విను. ఇంటర్ మొదటి సంవత్సరంలో స్వేచ్ఛా కేంద్ర అండన్యాసానికి ఉదాహరణ ఏం రాశావు?

మేనకోడలు: డయాంథస్, ప్రిమ్‌రోజ్.

మేనమామ: మన పిల్లలందరూ అదే రాస్తారు. రాసినవాళ్ళలో ప్రిమ్‌రోజ్‌ని కళ్ళతో చూసినవాళ్ళెంతమంది? నేను బోర్డు మీద గుండ్రటి అండాశయం గీసి, మధ్యన స్తంభం గీసి, స్తంభం చుట్టూ అండాలు పెట్టి, గోడకి ఎక్కడా అంటుకోవు సుమా అని ఏటేటా చెప్పాను. ఇప్పుడు ఆ పువ్వు కాళ్ళ దగ్గరే ఉంది. అడ్డంగా ఒక్క కోత కోస్తే ఆ బొమ్మ నిజంగా కనపడుతుంది. అది చూడకుండా పేరు తెలుసుకుని వెళ్ళిపోతే చూసినట్టా?

మేనకోడలు: పేరు సంగతి ముందు తేలుద్దాం. ఇదిగో, ఫోను ఏమందో చూడండి. ప్రిములా ఎలేటియర్. సరిగ్గానే చెప్పింది.

మేనమామ: ఏం చూసి చెప్పింది?

మేనకోడలు: అది చెప్పదు. వేలకొద్దీ ఫొటోలు చూసి ఉంది, దీని పోలిక వాటితో కుదిరింది.

మేనమామ: నా క్లాసులో ఒక కుర్రాడు లేచి ‘ఇది ఫలానా మొక్క సార్’ అంటే, ఎలా తెలిసిందని అడిగేవాణ్ణి. ‘అలాగే ఉంది సార్’ అంటే కూర్చోబెట్టేవాణ్ణి. జవాబు తప్పని కాదు. ఏ గుర్తు మీద నిలబడి ఆ మాట అన్నాడో చెప్పలేకపోతే, రేపు దానికి కొంచెం తేడాగా ఉన్నది ఎదురైనప్పుడు ఏం చేస్తాడు?

మేనకోడలు: ఆ ‘కొంచెం తేడాగా ఉన్నది’ ఇక్కడే ఉంది. చూపిస్తాను రండి. కానీ కోయకుండా చూపిస్తాను, ఒప్పుకోవాలి.

మేనమామ: చూపించు.

మేనకోడలు: ఈ దేశంలో పసుపు ప్రిములాలు మూడు. ప్రిమ్‌రోజ్‌లో ఒక్కో పువ్వుకీ ఒక్కో నూగుకాడ, నేలలోంచే వచ్చినట్టుంటుంది. పువ్వు పెద్దది, లేత పసుపు. పచ్చికబయళ్ళలో పూసేది కౌస్లిప్. ఒకే కాడ చివర గుత్తి, పువ్వులు చిన్నవి, ముదురు పసుపు, లోపల నారింజ చుక్కలు, రక్షకపత్రాలు ఉబ్బిన సంచిలా వదులుగా ఉంటాయి. మూడోది ఈ ఆక్స్‌లిప్. గుత్తి కౌస్లిప్‌లాగా, పువ్వు రంగు ప్రిమ్‌రోజ్‌లాగా. అందుకే ఇది ఆ రెండింటికీ పుట్టిన సంకరమని చాలామంది అనుకునేవారు. ఎసెక్స్‌లో గ్రేట్ బార్డ్‌ఫీల్డ్ దగ్గరి ఆక్స్‌లిప్ సంకరం కాదు, సొంత జాతి అని హెన్రీ డబుల్‌డే 1842లో తేల్చాడు. తర్వాత డార్విన్ కూడా పెంచి, పరాగసంపర్కాలు చేసి చూసి, 1868లో లినియన్ సొసైటీకి వ్యాసం ఇచ్చాడు. అడవంచున, రోడ్ల పక్కన జనం ఆక్స్‌లిప్ అని పిలిచేది ప్రిమ్‌రోజ్, కౌస్లిప్‌ల సంకరమని, బార్డ్‌ఫీల్డ్‌ది వేరని అందులో రాశాడు.

మేనమామ: నా మాటే బలపడుతోంది. పైపైన చూసినవాళ్ళు పొరబడ్డారు.

మేనకోడలు: ఆగండి. పొరపాటు ఎలా తీరిందో చూడండి. ఈ గుత్తిని చూడండి. పువ్వులన్నీ ఒకే పక్కకి వాలి ఉన్నాయి. సంకరంలో నాలుగు వైపులా చూస్తుంటాయి. మీరు పువ్వు కోసి కాగితం మీద పెడితే ఏ పక్కకి వాలిందో ఎలా తెలుస్తుంది? హెర్బేరియం షీటు మీద అన్నీ ఒకే పక్కకి ఉంటాయి, నొక్కేశారు కాబట్టి.

మేనమామ: ఊఁ.

మేనకోడలు: ఇప్పుడు లెన్సు పెట్టి గొంతులోకి చూడండి. రేకులు కలిసి గొట్టంగా మారేచోట.

మేనమామ: నున్నగా ఉంది. అడుగున కాస్త ముదురు పసుపు వలయం.

మేనకోడలు: నున్నగా ఉంది, అదే గుర్తు. ప్రిమ్‌రోజ్ గొంతులో మందపాటి మడతలుంటాయి. కౌస్లిప్ గొంతులోనూ ఉంటాయి. అమ్మానాన్నలిద్దరికీ ఉన్న మడత పిల్లకీ వస్తుంది, కాబట్టి సంకరంలోనూ ఉంటుంది. ఆక్స్‌లిప్‌లో ఉండదు. రక్షకపత్రాలు కూడా చూడండి, సన్నగా పట్టి ఉన్నాయి, నిలువు ఈనెలు ముదురు ఆకుపచ్చగా కనపడుతున్నాయి. ఇన్ని గుర్తులు చూశాం, ఒక్క రేకు తెగలేదు.

మేనమామ: గొంతులో మడత ఫోను చూసిందా?

మేనకోడలు: ఎదురుగా తీసిన ఫొటో అయితే చూసిందేమో. పక్కనుంచి తీస్తే చూసి ఉండదు.

మేనమామ: మరి పేరు రెండుసార్లూ ఒకేలా నమ్మకంగా చెబుతుందా?

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఇక్కడ నేను మావయ్య పక్షం. ఫోను చెప్పిన పేరు తప్పా ఒప్పా అన్నది కాదు నా ఇబ్బంది. ఏది చూశాక చెప్పిందో, ఏది చూడకుండానే చెప్పిందో మనకి తెలియదు. అడవి అంచున నిలబడ్డ మనిషికి ఆ తేడానే కావాలి.

మేనకోడలు: ఫోను పేరుతో పని ఐపోతుందని నేనూ అనను. మొక్కల లెక్కలు రాసే మా సొసైటీలో ప్రతి ప్రాంతానికీ ఒక రికార్డర్ ఉంటారు. మేం పంపినది ఆయనో ఆవిడో చూసి ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తుంది. బ్రిటన్, ఐర్లాండ్‌ల మొక్కల అట్లాసు 2023లో వచ్చిందే, దాని వెనక ఉన్నది వేలమంది వలంటీర్లు. వాళ్ళలో చాలామంది బోటనీ చదవలేదు. ఒక పేరు వినబట్టి మొక్క దగ్గర కూర్చున్నారు, కూర్చున్నాక గొంతులో మడత చూశారు. మీరు మొదట్లోనే అండన్యాసం అడిగితే లేచి వెళ్ళిపోయేవారు.

మేనమామ: పేరు గుమ్మం లాంటిదంటావు. సరే. కానీ నువ్వు చెప్పినవన్నీ జాతిని జాతి నుంచి విడదీసే గుర్తులు. నాది కుటుంబం సంగతి. ఇది ప్రిమ్‌రోజ్ కుటుంబం అని ఏం చూసి అంటావు?

మేనకోడలు: మీరే చెప్పండి.

మేనమామ: వంగ పువ్వు తీసుకో, ఉమ్మెత్త తీసుకో. రేకులు కలిసిపోయి ఉంటాయి, కేసరాలు వాటికే అంటుకుని ఉంటాయి, కానీ ఒక్కో కేసరం రెండు రేకుల సందులో నిలబడుతుంది. పువ్వుల్లో ఎక్కువగా జరిగేది అదే, ఒక వరస సందుల్లో తర్వాతి వరస. ప్రిములాలో అలా ఉండదు. కేసరం సరిగ్గా రేకు నడిమికి ఎదురుగా నిలబడుతుంది. ఎందుకంటే రెండు వరసల కేసరాల్లో బయటి వరస పోయింది, లోపలిది మిగిలింది. సామోలస్ అని ఇదే కుటుంబంలో ఒక నీటి ఒడ్డు మొక్క ఉంది. దాంట్లో పోయిన వరస ఆనవాళ్ళు చిన్న ముళ్ళలా రేకుల సందుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే ప్రపంచంలో ఎక్కడికి వెళ్ళినా ఈ కుటుంబం దారి దొరుకుతుంది. దాన్ని చూడాలంటే గొట్టం నిలువునా చీల్చాలి.

మేనకోడలు: అక్కర్లేదు. పక్క మొక్క దగ్గరికి రండి. ఇందాకటి పువ్వులో నడుమ ఆకుపచ్చ బొట్టులా ఉన్నది కీలాగ్రం. కీలం పొడుగు, కేసరాలు గొట్టంలో కిందికి దాక్కున్నాయి. దాన్ని గుండుసూది రకం అంటారు. ఈ మొక్కలో అటుదిటు. కీలం పొట్టిది, కేసరాలు గొట్టం నోటి దగ్గరే కుచ్చులా. లెన్సు పెట్టండి. ఒక్కో పుప్పొడి తిత్తి ఎక్కడుంది?

మేనమామ: … రేకుకెదురుగా. ఐదుకి ఐదూ. ఆహా.

మేనకోడలు: కోశామా?

మేనమామ: లేదు తల్లీ. దీన్నే చూసి డార్విన్ అంత ముచ్చటపడ్డది. 1862లో ఆయన వ్యాసం వచ్చింది. తన శాస్త్ర జీవితంలో ఈ పువ్వుల కట్టడి అర్థం తెలుసుకున్నంత తృప్తి ఇంకేదీ ఇవ్వలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. ఒక రకం పుప్పొడి రెండో రకం మీద పడితేనే గింజ బాగా కడుతుంది. తేనెటీగ ఒంటి మీద ఏ ఎత్తున పుప్పొడి అంటుతుందో, రెండో రకంలో కీలాగ్రం సరిగ్గా ఆ ఎత్తునే ఉంటుంది. ఆయన ఇది నిర్ధారించింది గింజలు లెక్కపెట్టి. అంటే కాయలు కోసే.

మేనకోడలు: సొంత తోటలో పెంచిన మొక్కల కాయలు. పైగా ఎంత కోసినా ఆయనకి అందని సంగతి ఇంకొకటి ఉంది. నారిచ్‌లో పనిచేసే శాస్త్రవేత్తల బృందం 2016లో చూపించింది. ఈ కుచ్చు రకం మొక్కలో పక్కపక్కనే ఉన్న ఒక జన్యువుల గుంపు ఉంది. గుండుసూది రకంలో అది బొత్తిగా లేదు. ఒకదానిలో మారిన రూపం, ఇంకొకదానిలో పాత రూపం అనుకున్నారు ఇన్నాళ్ళూ. ఒకదానిలో ఉండటం, ఇంకొకదానిలో లేకపోవడమే సంగతి. ఇది బ్లేడుకీ లెన్సుకీ అందదు. మీ కుటుంబం సంగతీ అంతే కదా మావయ్యా? 2009లో ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూపు వాళ్ళు డీఎన్‌ఏ చూసి మిర్సినేసిని తెచ్చి ఇందులో కలిపేశారు. మీరు పాఠం చెప్పిన ప్రిములేసి అంతా చిన్న చిన్న గుల్మాలు. ఇప్పుడు చెట్లు, పొదలు, తీగలు కూడా అందులోవే. కోసి చూసిన పద్ధతి నిలబడిందా?

మేనమామ: నిలబడింది. ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. కోరింగ మడ అడవికి పిల్లల్ని తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ ఏజిసెరాస్ అని ఒక మడమొక్క, తెల్లటి పూలగుత్తులు, వంకర కొమ్ముల్లాంటి కాయలు. అప్పుడది మిర్సినేసి, ఇప్పుడు ప్రిములేసి. మందుల కొట్లో అమ్మే వాయువిడంగాలు ఉన్నాయి చూడు, నులిపురుగులకి ఇస్తారు, ఆ ఎంబీలియా తీగా అంతే. వాటి పువ్వులు తీసి చూడు. కేసరాలు రేకులకెదురే. బెంథామ్, హుకర్ ఆ రోజుల్లోనే ఈ రెండు కుటుంబాల్నీ పక్కపక్కన ఒకే క్రమంలో పెట్టారు, ఈ గుర్తు చూసే. డీఎన్‌ఏ వచ్చి గోడ తీసేసింది గానీ, గోడకి రెండు వైపులా ఉన్నది ఒకే ఇల్లని లెన్సు ముందే చెప్పింది. ఇంగ్లండు అడవిలో ఈ లేత పసుపు పువ్వూ, గోదావరి నోట్లో ఉప్పునీటి పొదా ఒకటేనని ఏ ఫొటో చూస్తే అనిపిస్తుంది?

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. కానీ చిత్రమూలం సంగతేమిటి? దాంట్లోనూ కేసరాలు రేకులకెదురే. రేగు పువ్వులోనూ అంతే. అవి వేరే కుటుంబాలు.

మేనమామ: అందుకే ఒక్క గుర్తు చాలదు. చిత్రమూలం అండాశయం చీలిస్తే అడుగునుంచి పుట్టిన ఒకే ఒక్క అండం. ఇక్కడ స్తంభం నిండా అండాలు. చూశావా, మళ్ళీ బ్లేడు దగ్గరికే వచ్చాం.

మేనకోడలు: చిత్రమూలానికి బ్లేడెందుకు? కాడ పట్టుకోగానే రక్షకపత్రాల మీది జిగురు గ్రంథులు వేళ్ళకి అంటుకుంటాయి. కీలాగ్రం ఐదు చీలికలు. ప్రిములాలో ఒకటే ముద్ద. బయటే ఇంత ఉన్నప్పుడు లోపలికెందుకు వెళ్ళడం? మీ సూత్రం తప్పుదారి పట్టించే చోటు కూడా ఒకటుంది. సముద్రపొడ్డున ఉప్పు బురదల్లో సీ మిల్క్‌వర్ట్ అని చిన్న మొక్క, లేత గులాబీ పువ్వులు. కేసరాలు చూస్తే సందుల్లో ఉంటాయి. మీ విద్యార్థి అయితే ప్రిమ్‌రోజ్ కుటుంబం కాదని రాసేస్తాడు.

మేనమామ: సందుల్లోనా?

మేనకోడలు: ఆ గులాబీ రంగువి రేకులు కావు, రక్షకపత్రాలు. దాంట్లో రేకులే లేవు.

మేనమామ: ఆగు, ఆగు. రేకులుంటే రక్షకపత్రాల సందుల్లో ఉండేవి. కేసరాలు ఆ రేకులకెదురుగా ఉండేవి. రేకు పోయింది, కేసరం మాత్రం తన చోటు వదల్లేదు! నా సూత్రం తప్పలేదమ్మా, అక్కడే అది గట్టిగా నిలబడింది. ఎంత మంచి ఉదాహరణ! క్లాసులో ఇది చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మేనకోడలు: తెలిసినవాడికి నిలబడింది. కొత్తవాడికి ఆ మొక్క బురద, ఉప్పు, చుట్టూ ఉన్న మొక్కలు ముందు చెబుతాయి. ఎక్కడ మొలిచిందో అదీ ఒక గుర్తే. మీ పుస్తకాల్లో దాన్ని చివరి వరసలో చిన్న అక్షరాల్లో వేస్తారు.

చోటుని గుర్తుగా లెక్కించడంలో ఆమె మాటకే నా ఓటు. ఆక్స్‌లిప్ విషయంలో మరీను. కౌస్లిప్ ఎక్కువగా ఎండ పడే సున్నపు పచ్చికల్లోనే ఉంటుంది. ఆక్స్‌లిప్ చలికాలమంతా నీరు నిలిచే బంకమట్టి అడవిని దాదాపు వదలదు. ఈ మూడింటిలో దేన్నైనా చూసే ముందు కాలి కింద నేల చూస్తే సగం పని ఐపోతుంది.

మేనమామ: ఒకటి అడుగుతాను. కోయకుండా, కానీ లెన్సు లేనిదే చెప్పలేనిది ఏదైనా ఈ కుటుంబంలో ఉందంటావా? లేక అన్నీ ఫొటోతో ఐపోతాయా?

మేనకోడలు: ఉంది. పింపర్నెల్. మన ఉత్తరాదిన చలికాలం గోధుమ చేలల్లో కలుపుగా వస్తుంది, అక్కడ ఎక్కువ నీలం పువ్వులే. ఇక్కడ ఎక్కువ ఎరుపు. కానీ ఇక్కడి ఎరుపు జాతిలోనే నీలం రూపం ఒకటుంది. దాన్ని పోలిన వేరే నీలం జాతి ఇంకొకటుంది. రెండూ ఫొటోలో ఒకటే. లెన్సు పెట్టి రేకు అంచు చూడాలి. మొదటిదానిలో గ్రంథులున్న సన్నటి నూగు అంచంతా ఒత్తుగా ఉంటుంది, రెండోదానిలో బహు పలచన. దీనికి ఫోను ఏ పేరు చెప్పినా నేను నమ్మను.

మేనమామ: ఆ మాట నీ నోటే రావాలని.

మేనకోడలు: నేను ఫోను పక్షం కాదు మావయ్యా, మొక్క పక్షం. ఎస్టోనియాలో 2019లో టార్టు విశ్వవిద్యాలయం వాళ్ళు మామూలు జనాన్ని కౌస్లిప్ పచ్చికల్లోకి పంపారు. ఏం చెయ్యమన్నారో తెలుసా? ప్రతి మొక్క పువ్వులోకీ చూసి గుండుసూది రకమా, కుచ్చు రకమా రాసుకోమన్నారు, అంతే. రెండూ దాదాపు సమానంగా ఉండాల్సింది. కుచ్చు రకం కాస్త ఎక్కువగా తేలింది. పచ్చికలు ముక్కలైపోయి మొక్కల గుంపులు చిన్నవైనప్పుడు ఆ తూకం దెబ్బతింటుంది. రెండు రకాలూ సరిపడా లేకపోతే గింజలు తగ్గుతాయి. బడిపిల్లలు కూడా ఇది లెక్కపెట్టగలరు. లక్షల పువ్వులు కోసి ఇది తెలుసుకోవాలంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మేనమామ: అది గొప్ప పని. కాదనను. అయినా ఆ పిల్లల్లో ఒకడైనా తర్వాత, ఆ కీలం ఎందుకు పొట్టిగా ఉందని లోపలికి చూడకపోతే రేపటి బోటనీ ఎవరు నడుపుతారు? పువ్వు మీద జాలి ఉండాలి. కానీ లోపల ఏముందో చూడాలన్న ఆత్రం చచ్చిపోయేంత జాలి వద్దు. మన దగ్గర కాలేజీల్లో ఇప్పటికే ప్రాక్టికల్స్‌లో పువ్వు బదులు చార్టు చూపిస్తున్నారు. నా భయం అది.

మేనకోడలు: తోటలో పెంచిన ప్రిములాలు ఇక్కడ నర్సరీల్లో కుండీల్లో అమ్ముతారు. ఇంటికెళ్ళేటప్పుడు ఒకటి కొందాం. దాన్ని ఎంత కోస్తారో కోసుకోండి.

మేనమామ: కొందాం. కానీ అది తోట సంకరం. అడవిదాని అండాశయం చూడాలని నా కోరిక.

మేనకోడలు: అయితే ఈ అంచుకి రండి. ఇది నాకూ తేలలేదు. గుత్తి ఒక పక్కకి వాలింది, కానీ పూర్తిగా కాదు. గొంతులో మడత ఉందో లేదో చెప్పలేనట్టుంది. ఆక్స్‌లిప్‌కీ కౌస్లిప్‌కీ పుట్టిందేమోనని నా అనుమానం. నిరుడు ఇలాంటిదే ఒకటి పంపితే రికార్డర్ పక్కన పెట్టారు.

మేనమామ: కాయ చూడాలి. ఆక్స్‌లిప్ కాయ రక్షకపత్రాల అంచు దాకానో, దాటో వస్తుంది. కౌస్లిప్ కాయ సంచి లోపలే ఉండిపోతుంది.

మేనకోడలు: కాయలొచ్చేసరికి జూన్ దాటుతుంది. అప్పుడు మళ్ళీ వస్తాను. మీ స్తంభం కూడా అప్పుడే కనపడుతుంది. పండిన కాయ పైన పళ్ళలా విడిపోతుంది కదా. లోపల గింజలు రాలుతుంటే మధ్యన స్తంభం బయటపడుతుంది. పైనుంచి లెన్సు పెడితే చాలు.

మేనమామ: అప్పటికి నేను కాకినాడలో ఉంటాను. గింజలన్నీ రాలకముందే వెళ్ళు. పైనుంచి ఒక ఫొటో తియ్యి. పక్కనుంచి ఇంకొకటి, రక్షకపత్రాల అంచూ కాయ కొసా రెండూ పడేలా, పక్కన స్కేలు పెట్టి. ఇందాక నువ్వే అన్నావు, ఏ వైపునుంచి తీశామన్నదే అసలు సంగతని.

మేనకోడలు: కాడకి ఇవాళే దారం కడతాను, మొక్క తప్పిపోకుండా.

మేనమామ: వదులుగా కట్టు, ఇంకా పెరుగుతుంది. ఆకు కింది భాగం కూడా ఒకటి తియ్యి. ఆకు కాడలోకి ఒక్కసారిగా సన్నబడుతోందా, మెల్లగానా చూడాలి. ప్రిమ్‌రోజ్ పాలు ఏమైనా ఉంటే అక్కడ తెలుస్తుంది.